పేలే పాము

ఆటలు పరీక్షించే ఉద్యోగం నుంచి నేను ముప్పై ఒకటో ఏట రిటైరయ్యాను. నవ్వకండి. క్రికెట్లో వేగంగా బంతులేసేవాళ్ళకు మోకాళ్ళు పోయినట్టే మాకు బొటనవేళ్ళు పోతాయి. వేలూరులో ఒక ఎముకల డాక్టరు నా రెండు చేతులూ తిప్పి చూసి, ఏం పని చేస్తావని అడిగాడు. చెప్పాను. మళ్ళీ చెప్పమన్నాడు. మళ్ళీ చెప్పాను. పక్క గదిలోంచి ఇంకో డాక్టర్ని పిలుచుకొచ్చి ఆయన ముందు మూడోసారి చెప్పించాడు. ఇప్పుడు ఒక కాలేజీలో కంప్యూటరు ప్రయోగశాల చూసుకుంటున్నాను. రోజంతా గేములాడితే నిజంగా జీతమిచ్చేవాళ్ళా అని అక్కడి పిల్లలు అసూయగా అడుగుతుంటారు. వాళ్ళ కోసమూ, ఆ దారిన వెళ్ళాలని సరదాపడుతున్న మీ కోసమూ ఇది రాస్తున్నాను.

ముందుగా ఒక సవరణ. పరీక్షించేవాడు ఆట ఆడడు. ఆడేవాడు గెలవాలని చూస్తాడు. పరీక్షించేవాడు ఆటను చెడగొట్టాలని చూస్తాడు. ఒకే గోడను పొద్దుటి నుంచి సాయంత్రం దాకా గుద్దుకుంటూ, ఎక్కడైనా అవతలికి దూరిపోగలనేమోనని వెతుకుతాడు. దూరిపోతే సంతోషించి దాన్ని బగ్ అని రాసిపెడతాడు. ఏం చేశాను, ఏం జరిగింది, ఏం జరిగి ఉండాలి: ఈ మూడు వాక్యాలే మా సాహిత్యమంతా. నాకు చిన్నప్పటి నుంచీ లిస్టులు రాసే జబ్బు ఉంది. పెట్టెలో ఎన్ని చొక్కాలు పెట్టానో రాసుకుని, ఆ కాగితాన్ని పెట్టెలో పెట్టానని కూడా రాసుకునేవాణ్ణి. ఇంట్లోవాళ్ళు దీన్ని పిచ్చి అన్నారు. కంపెనీవాళ్ళు అర్హత అన్నారు.

మా కంపెనీ వేలూరు నుంచి కాట్పాడి వెళ్ళే రోడ్డులో, ఒక టైల్సు కొట్టు పై అంతస్తులో ఉండేది. కింద టైలు కోసినప్పుడల్లా పైన మా మాటలు ఆగేవి. ఓనరు తమిళాయన, ప్రోగ్రామంతా స్వయంగా తనే రాసేవాడు. బొమ్మలు గీసే అమ్మాయిది ఆంబూరు. అంతకుముందు ఎగుమతి బూట్ల ఫ్యాక్టరీలో డిజైన్లు గీసేది. అందుకే మా ఆటల్లో రాక్షసులు, రోబోలు, శవాలు, ఎవరైనా సరే, కాళ్ళకు మాత్రం శ్రేష్ఠమైన బూట్లు వేసుకుని ఉండేవాళ్ళు. శబ్దాలు చూసేవాడు గుడియాత్తం నేతపనివాళ్ళ అబ్బాయి. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. నేనేమో చిత్తూరు వైపు నుంచి ఇంజనీరింగు చదవడానికి వచ్చి అక్కడే ఉండిపోయినవాణ్ణి. తెలుగు మాట్లాడేవాళ్ళం ఇద్దరం, చదవగలిగేవాణ్ణి నేనొక్కణ్ణే. ఈ ఒక్క వాక్యం గుర్తుపెట్టుకుంటే మిగతా కథంతా మీకు తేలిగ్గా అర్థమవుతుంది.

ఒక ఏడాది హైదరాబాదు సినిమా కంపెనీ ఒకటి మాకు పని ఇచ్చింది. వాళ్ళ సైన్స్ ఫిక్షన్ సినిమాను చేతిలో పట్టుకుని ఆడే గేముగా మార్చాలి. అరచేతిలో పట్టే డబ్బా, రెండు వైపులా బొత్తాలు, మధ్యలో చిన్న తెర, ఇంటర్నెట్టు అక్కర్లేదు. సినిమా విడుదలైన రోజే బొమ్మల కొట్లలోకి రావాలి. సినిమా పేరు బయట చెప్పనని నా చేత సంతకం పెట్టించుకున్నారు. ఎప్పటిదాకా చెప్పకూడదో రాయడం మర్చిపోయారు కాబట్టి ఇప్పటికీ చెప్పను.

కథ ఇది. ఎక్కడో దూరాన ఒక ఉపగ్రహం మీద గనులున్నాయి. గనుల్లోని యంత్రాలు ఎదురుతిరుగుతాయి. లోపల ఒక్క కార్మికుడు మిగిలిపోతాడు. పైన ఓడలో ఉన్న కెప్టెనమ్మ అతని చెవిలో మాట్లాడుతూ, ఎటు తిరగాలో, ఎక్కడ బాంబు పెట్టాలో చెబుతూ అతన్ని బయటికి తెస్తుంది. సినిమాలో ఈ ప్రయాణానికి చాలాసేపు పడుతుంది, ఎందుకంటే మధ్యమధ్య అతను ఆగి తన బాధలు చెప్పుకుంటాడు. ఆటలో ఎవరికీ అంత తీరిక ఉండదు. కానీ ఒప్పందంలో ఒక నియమం ఉంది: సినిమాలో ఉన్నది సినిమాలో ఉన్నట్టే ఉండాలి. తల్లి పంపిన ఆఖరి సందేశం విని హీరో ఏడ్చే ఘట్టం తప్పనిసరిగా పెట్టమన్నారు. పెట్టాం. ఏడుస్తున్నంతసేపు తుపాకీ పేల్చలేడు. రోబోలకు మాత్రం ఆ నియమం లేదు. "ఏడుస్తుండగా చచ్చిపోతున్నాడు" అని బగ్ రాశాను. సహజంగానే ఉందని ఓనరు జవాబు రాసి మూసేశాడు.

ఇక గొంతు. అప్పటిదాకా కెప్టెన్ మాటలకు తాత్కాలికంగా కంప్యూటరు గొంతు ఒకటి పెట్టాం. అది తెలుగును రైల్వే ప్రకటనలా చదివేది. ఆ గొంతుతోనే ఒక డబ్బాను చూడమని హైదరాబాదు పంపాం. అసలు గొంతు కోసం అక్కడి కళాకారిణిని పెట్టుకుందామని వాళ్ళన్నారు. గుడియాత్తంలో వీధి వీధంతా తెలుగు మాట్లాడుతుంటే అంత దూరం దేనికని మా ఓనరు వాదించి ఒప్పించాడు. ముందు మేము రికార్డు చేసి వినిపించేటట్టు, నచ్చకపోతే వాళ్ళు మార్చుకునేటట్టు ఒడంబడిక.

శబ్దాలబ్బాయికి ఒక చిన్నమ్మ ఉంది. గుడియాత్తంలో ఇంట్లోనే లుంగీలు నేస్తారు. నాలుగు మగ్గాలు ఒకేసారి ఆడుతుంటే, వాటి చప్పుడు మీదుగా ఒక మూల నుంచి ఇంకో మూలకు మాట అందించడం ఆమెకు చిన్నప్పటి నుంచీ అలవాటు. అలవాటు మగ్గాల దగ్గర ఆగిపోతే బాగుండేది. ఆమె గుడిలో గుసగుసలాడినా పూజారి మంత్రం ఆపి ఇటు చూసేవాడట. బంధువుల పెళ్ళిచూపులప్పుడు ఆమెను ఏదో పని చెప్పి పేర్ణాంబట్టు పంపేవాళ్ళట, మగపెళ్ళివారు జడుసుకుంటారని. వీధిలో ఆమె పేరు మైకు. ఆమె దాన్ని నవ్వుతూ భరించేదని అబ్బాయి చెప్పాడు. అంతరిక్ష నౌకకు కెప్టెన్‌గా మాట్లాడాలి, నీ గొంతే కావాలంటున్నారు అని అతను చెప్పినప్పుడు ఆమె ఆడుతున్న మగ్గాన్ని ఆపేసిందట. "నా గొంతా? నా గొంతే కావాలన్నారా?" అని రెండుసార్లు అడిగిందట. సాయంత్రానికి వీధి అంతటికీ తెలిసిపోయింది. ఎదురింటావిడ మాత్రం, చూద్దాం, కడాకు, అంటే ఆఖరికి, తీసేస్తారు అందట. ఆ మాట అబ్బాయి నాకు చెప్పినప్పుడు నవ్వాను. తర్వాత్తర్వాత నవ్వు రాలేదు.

అమావాస్యనాడు మగ్గాలకు సెలవు. ఆ రోజు గుడియాత్తంలో వాళ్ళింట్లోనే రికార్డింగు. నన్ను వేలూరులో గోడలు గుద్దుకోమని వదిలేసి, అబ్బాయి మైకులు తీసుకుని బస్సెక్కాడు. హైదరాబాదు నుంచి వచ్చిన మాటలు తెలుగు లిపిలో ఉన్నాయి. చిన్నమ్మ చదివింది తమిళ బడిలో. ఓనరు ఎక్కడో ఒక సాఫ్ట్‌వేరు పట్టుకుని తెలుగు అక్షరాలన్నిటినీ తమిళ అక్షరాల్లోకి మార్చి, కాగితాలు అచ్చుతీసి ఇచ్చాడు. ఆలోచన మంచిదే. అయితే తమిళంలో ప, బ లకు ఒకటే అక్షరం. క, గ లకూ అంతే, ట, డ లకూ అంతే. చిన్నమ్మకు భాష వచ్చు కాబట్టి చాలావరకు సరిపోయింది. "కురి" అన్నట్టున్నదాన్ని "గురి" అనే చదివింది, "కేటు"ను గేటనే అంది. చిక్కంతా ఒక్క మాట దగ్గరే వచ్చింది. "బాంబు"ను ఆ అక్షరాల్లో రాస్తే, పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి తమిళం చదివినవాళ్ళెవరికైనా అది "పాంబు". అంటే పాము.

తర్వాత ఏం జరిగిందో నాకెలా తెలుసంటే, మైకు తెరిచే ఉంది. మధ్యలో మాట్లాడుకున్నదంతా ఎక్కింది.

"ఏంది నాయనా ఇది, నడమ అరవం కలిపేసినారు?"

"హైదరాబాదోళ్ళు గదా చిన్నమ్మా. మనకు అర్థం కావాలని రాసుంటారు."

"వాళ్ళు రాస్తే రాసినారు. సినిమాలోకి పొయ్యేది, మనం నికరంగా తెలుగే చెప్దాం. నేను పామనే అంటా."

"సరి."

కాగితం తిప్పిన చప్పుడు. ఇంకాస్త చదివినట్టుంది.

"పాము పేలేదేంది నాయనా?"

"సైన్స్ ఫిక్షన్ చిన్నమ్మా. అట్లే ఉంటాది."

"అట్లయితే పేలనీ."

అటుపైన ఆమె ఎక్కడా ఆగలేదు. "ఆ సందులో పాము పెట్టు నాయనా. పెట్టినావా? ఇంక నిలబడొద్దు, పాము పేలతాది, పరిగెత్తు." హైదరాబాదు కాగితంలో "అప్రమత్తత వహించు" అని ఉన్నచోట "జాగర్త నాయనా" అంది. హీరో చచ్చిపోయినప్పుడు వినిపించడానికి "లక్ష్యసాధన విఫలమైనది, పునఃప్రారంభించుము" అని ఉంది. అది మా కంప్యూటరు గొంతు కోసం ఓనరు ఏదో అనువాద యంత్రంతో చేయించిన వాక్యం. చిన్నమ్మ దాన్ని రెండుసార్లు చదవబోయి, నాలుక తిరగక, అర్థమేమిటో అబ్బాయిని అడిగి, తన మాటల్లో చెప్పేసింది: "పొయినావా నాయనా? లెయ్, లెయ్. మళ్ళా పోదాం."

శబ్దాలు ఆటలో కలిపి నాకు పంపారు. మొదటి గదిలో అడుగుపెట్టానో లేదో పాము పెట్టమంది. చేతిలో ఉన్నది బాంబు. తెరంతా వెతికాను, పాము లేదు. నేను ముందు నవ్వి తర్వాత ఆలోచించే మనిషిని కాను. ముందు రాసే మనిషిని. "కెప్టెన్ మాటల్లో పాము వినబడుతోంది. తెర మీద పాము కనబడటం లేదు. రెండూ ఒకటి కావాలి." మూడు వాక్యాలు. ఇప్పటికీ వాటిలో తప్పు పట్టలేను. ఏది దేనికి తగ్గట్టు మారాలో అందులో లేదు, అంతే. ఓనరు దాన్ని చదివి, "కనబడటం లేదు" అన్నందుకు బొమ్మల విభాగం లెక్కలో వేసి, ఆంబూరమ్మాయికి పంపాడు. ఆమెకు తెలుగు ఒక్క ముక్క రాదు. సినిమాలో పాము ఉంది కాబోలు, తనకెవరూ చెప్పలేదనుకుంది.

నెలల తరబడి రాళ్ళూ రోబోలూ గీసి విసిగిపోయిన మనిషి. పాము అనేసరికి ప్రాణం లేచొచ్చింది. ఉక్కు పొలుసులతో, చుట్టలు చుట్టుకున్న పామును గీసింది. పొలుసుల మీది నకాషీ, విదేశీ బేరగాడు వద్దన్న ఒక ఆడవాళ్ళ చెప్పు డిజైనట. ఇన్నాళ్ళకు దానికి గతి దొరికింది. హీరో దాన్ని విసిరితే నేల మీద చుట్ట విప్పుకుని, సందుల్లోంచి పాక్కుంటూ పోయి, రోబో బూటుకు చుట్టుకుని పేలేది. ఓనరు ప్రోగ్రాములో నాలుగు మార్పులు చేసి దానికి పాకడం నేర్పాడు.

నిజం చెప్పాలంటే అప్పటిదాకా మా ఆట చప్పగా ఉండేది. ఆ రోజు మధ్యాహ్నం ఆఫీసులో ఎవరూ పని చేయలేదు. కింది కొట్లోంచి టైల్సు కోసే మనిషి కూడా పైకొచ్చి ఒకసారి పాము విసిరి పోయాడు. శబ్దమూ బొమ్మా కలిశాయి కాబట్టి, నా నియమం ప్రకారం బగ్ పక్కన "సరిచేశారు" అని గుర్తు పెట్టాను.

సాయంత్రం శబ్దాలబ్బాయిని పక్కకు పిలిచి, అసలు కాగితంలో బాంబు అని ఉంటే పాము ఎలా వచ్చిందని అడిగాను. అతను తెల్లమొహం వేశాడు. ఇద్దరం రికార్డింగు మొదటి నుంచీ విన్నాం. "సైన్స్ ఫిక్షన్ చిన్నమ్మా" దగ్గర అతను చెవుల మీది హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టి, కిటికీ దగ్గరకు పోయి నిలబడ్డాడు. ఓనరుకు చెబితే ఆయన కూర్చున్న కుర్చీలోనే ఇంకాస్త కిందికి జారాడు. సినిమాలో ఉన్నది ఉన్నట్టే ఉండాలి. సినిమాలో ఉన్నది బాంబు. ఆటను చూసి ఒప్పుకోవడానికి సినిమా కంపెనీ మేడమ్ హైదరాబాదు నుంచి వచ్చే రోజు దగ్గరపడింది. మగ్గాలు మళ్ళీ ఆగే అమావాస్య దూరాన ఉంది. ఉన్నది ఉన్నట్టు చూపించి, అడిగినప్పుడు చూసుకుందామన్నాడు. శబ్దాలబ్బాయి భయం వేరు. పాముతోబాటు చిన్నమ్మ గొంతు కూడా పోతుందని. ఇంటికి పోవాలంటే ఆ ఎదురింటావిడ ముందు నుంచే పోవాలని.

మేడమ్ వచ్చే రోజు చిన్నమ్మను తీసుకురావద్దని ఓనరు అతనికి గట్టిగా చెప్పాడు. అతను తీసుకురాలేదు. ఆమే వచ్చింది. పెళ్ళిళ్ళకు కట్టే పట్టుచీర కట్టుకుని, పళ్ళికొండ మీదుగా బస్సులో నలుగుతూ వచ్చి, మెట్లెక్కి, ఆయాసం తీరకుండానే అంది:

"చెప్పకుండా వచ్చినానప్పా. చెప్తే వద్దంటారు గదా."

ఆమె చెప్పినది టైల్సు కోసే యంత్రం మీదుగా కూడా మా అందరికీ స్పష్టంగా వినబడింది. ఓనరు ఆమెకు మంచినీళ్ళ క్యాను పక్కన కుర్చీ వేయించాడు.

మేడమ్ పొద్దున్నే రావాలి. మధ్యాహ్నం దాటినా రాలేదు. వచ్చేసరికి జుట్టు చెదిరి, కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. బ్యాగులోంచి మేము పంపిన పాత డబ్బా, అదే కంప్యూటరు గొంతుది, తీసి ఓనరు ముందు బల్ల మీద పెట్టింది. పెట్టిన తీరులోనే సగం విషయం తెలిసింది. తక్కినది ఆమె చెప్పింది. తెల్లారి రైల్లో అందరూ కాఫీ తాగుతున్న వేళ, పై బెర్తు మీద దుప్పట్లో కూర్చుని, వచ్చేలోగా ఒకసారి చూద్దామని ఆడటం మొదలుపెట్టింది. దుప్పట్లోంచి రైల్వే ప్రకటన గొంతు గట్టిగా, "బాంబు అమర్చబడినది. దయచేసి వెంటనే ఖాళీ చేయండి" అంది. కింది బెర్తు పెద్దాయన ఖాళీ చేశాడు. ఆయన్ని చూసి పెట్టె అంతా ఖాళీ చేసింది. మధ్యలో ఒక స్టేషన్లో ఆమెను దింపి, బ్యాగు వెతికి, ఇది ఆటేనని నమ్మడానికి చాలాసేపు తీసుకున్నారు. నమ్మకం కుదిరాక ఒక పోలీసాయన తనూ ఆడి చూస్తానన్నాడు. రెండో గది దాటేదాకా డబ్బా తిరిగి ఇవ్వలేదు.

"ఆ మాట ఇంక ఈ ఆటలో ఎక్కడా వినబడకూడదు," అంది మేడమ్. "డైరెక్టరు గారితో నేను మాట్లాడతాను. పిల్లలు రైళ్ళలో, విమానాల్లో ఆడుకునే వస్తువిది."

ఏ మాట అని ఓనరు ఇంగ్లీషులో అడిగాడు. నిజంగానే తెలియక అడిగాడు. ఆమె తలుపు వైపు ఒకసారి చూసి, ముందుకు వంగి, గుసగుసగా ఆ మాట చెప్పింది.

మా ఓనరు అబద్ధాలాడే మనిషి కాదు. అలవాటు లేకపోవడం వల్లనేమో, ఆడినప్పుడు చాలా గొప్పగా ఆడాడు. ఇలాంటి ఇబ్బంది వస్తుందని మేము ముందే ఊహించి, బాగా ఆలోచించి, ఆ మాటనూ ఆ వస్తువునూ తీసేసి వేరే ఏర్పాటు చేశామన్నాడు. ఆంబూరమ్మాయి కొత్త డబ్బా తెచ్చి మేడమ్ చేతిలో పెట్టింది. శబ్దాలబ్బాయి నేల చూపులు చూస్తున్నాడు.

మేడమ్ ఆడింది. అంత అన్యాయంగా ఆడేవాళ్ళను నా ఉద్యోగంలో నేనింకెవర్నీ చూడలేదు. పామును విసరాల్సింది పోయి దాని దగ్గరే నిలబడింది. పేలింది. "పొయినావా నాయనా? లెయ్, లెయ్. మళ్ళా పోదాం." గుంటలో పడింది. "పొయినావా నాయనా?" హీరో ఏడుస్తుంటే ఆమె కూడా కళ్ళు చెమర్చి చూస్తూ కూర్చుంది, రోబో వచ్చి కాల్చింది. "లెయ్, లెయ్." కాసేపటికి మేడమ్ తల ఎత్తకుండానే, "లేస్తున్నానమ్మా, లేస్తున్నాను" అని డబ్బాకు జవాబు చెప్పడం మొదలుపెట్టింది. ఆమె పూర్తిగా దారి తప్పినప్పుడు చిన్నమ్మ ఉండబట్టలేక కుర్చీలోంచి లేచి, ఎడం పక్క సందులో పాము పెట్టమ్మా అంది. మేడమ్ ఎడమ పక్క సందులో పెట్టింది. రెండు రోబోలు పోయాక గానీ ఆ సలహా డబ్బాలోంచి రాలేదని ఆమెకు తెలియలేదు.

పాము అద్భుతంగా ఉందని తేల్చింది. తర్వాత డబ్బా కింద పెట్టి, మేము భయపడుతున్న మాట చాలా మర్యాదగా చెప్పింది. గొంతు మాత్రం హైదరాబాదులో మళ్ళీ చేయిస్తారు. కెప్టెన్ వేషం వేసిన హీరోయిన్‌తో ఒప్పందం ఉంది. సినిమాలో కెప్టెన్ మాట్లాడే ప్రతి సందర్భానికీ ఆ హీరోయిన్ ఒప్పుకున్న గొంతే ఉండాలి.

శబ్దాలబ్బాయి తమిళంలో ఏదో అనబోయాడు. చిన్నమ్మ అతని భుజం మీద చెయ్యి వేసి ఆపింది. ఆ ఒక్కసారి ఆమె గొంతు మామూలు మనుషుల గొంతంత ఉంది.

"ఏమ్మా, నా గొంతులో ఏం కొరతుండాది?"

మేడమ్ లేచి నిలబడింది. "కొరతేమీ లేదండీ. ఎంతో బాగుంది. కానీ సినిమాలో కెప్టెన్ ఇలా మాట్లాడదు. నెమ్మదిగా, గంభీరంగా ఉంటుంది."

"ఆ పిల్లోడు లోపల సస్తాంటే కూడా నెమ్మదిగానే ఉంటాదా?"

"చావడండీ. సినిమాలో హీరో చావడు."

పరీక్షించే పని నాకు నేర్పిన విద్య ఒక్కటే ఉంది: గోడలో ఎక్కడో ఒకచోట సందు ఉంటుంది. నేను ఎవరూ అడక్కుండా మాట్లాడాను. సినిమాలో హీరో చావడు కాబట్టి, అతను చచ్చినప్పుడు కెప్టెన్ ఏమంటుందో సినిమాలో లేదు. ఆటలో మాత్రం చస్తాడు. ఆ సందర్భం సినిమాది కాదు, మాది. సినిమాలో ఉన్నదానికే నియమం ఉంది. లేనిదానికి లేదు.

మేడమ్ బాల్కనీలోకి పోయి హైదరాబాదుకు ఫోను చేసింది. కింద టైల్సు కోత మొదలైంది; ఆమె చెవి మూసుకుని అరుస్తుంటే మాకు ముక్కలు ముక్కలుగా వినబడింది. "చావడండీ... అవును, ఇందులో చస్తాడు... నేనే చచ్చాను, చాలాసార్లు..." తిరిగి వచ్చి, చచ్చినప్పటి మాట ఒక్కటి ఉంచుకోవచ్చు, మిగతావన్నీ మార్చాలి, పాము ఉండనివ్వాలి అంది. పోతూ పోతూ చిన్నమ్మ రెండు చేతులూ పట్టుకుంది. ఏమందో నాకు వినబడలేదు. చిన్నమ్మ ఏమందో కాట్పాడి దాకా వినబడి ఉంటుంది, కానీ ఆమె అన్నది "పోయిరామ్మా" అని మాత్రమే.

మేడమ్ వెళ్ళాక శబ్దాలబ్బాయి చిన్నమ్మ పక్కన నేల మీద కూర్చున్నాడు.

"ఒక్క మాటే మిగిలింది చిన్నమ్మా."

ఆమె అతన్ని వదిలేసి నా వైపు తిరిగింది.

"ఆ ఒక్క మాట ఎన్నిసార్లు వస్తాదప్పా?"

నాకు ఇలాంటి ప్రశ్నలంటే ఇష్టం. హైదరాబాదు గొంతు చెప్పే ప్రతి మాటా ఆటలో ఒక్కోచోట, ఒక్కోసారి వస్తుంది. ఈమె మాట హీరో చచ్చిన ప్రతిసారీ వస్తుంది. బాగా ఆడేవాడు ఈ మాట వినకుండానే ఆట ముగించేయొచ్చు. ఆడటం రానివాడు మొదటి గది దాటడు కాబట్టి వాడికి పొద్దస్తమానం ఇదొక్కటే వినబడుతుంది. ఇదంతా వరసగా చెప్పాను. ఆమె వేళ్ళతో ఏదో కూడుకుంటూ శ్రద్ధగా వింది.

"అంటే ఆట సులువుగా ఉంటే నేను ఉండను."

"ఉండవు చిన్నమ్మా."

"కష్టంగా ఉంటే?"

"నువ్వే ఉంటావు."

పట్టుచీర కొంగు సర్దుకుని లేచింది. గుడియాత్తం బస్సుకు టైమవుతోంది.

"అయితే నాయనా," అంది, ఈసారి తన మామూలు గొంతుతోనే, "ఆటను బాగా కష్టంగా చెయ్యి."

ఏ గదిలో ఎన్ని రోబోలుండాలి, గుంట ఎంత వెడల్పుండాలి, ఎన్నిసార్లు చావొచ్చు అన్న నిర్ణయాలకు చివరి పరీక్ష మా ఆఫీసులో నాదే. డబ్బా కొట్లలోకి వెళ్ళాక, ఆట మరీ కష్టంగా ఉందని సినిమా కంపెనీ ఒకసారి రాసింది, బొమ్మల కంపెనీ ఒకసారి రాసింది. రెండుసార్లూ ఓనరు నన్ను మళ్ళీ పరీక్షించి చూడమన్నాడు. రెండుసార్లూ నేను మొదటి నుంచి చివరి దాకా శ్రద్ధగా ఆడి, చావాల్సిన ప్రతిచోటా చచ్చి, ఏం చేశానో, ఏం జరిగిందో రాసి, ఏం జరిగి ఉండాలి అన్నచోట "ఇదే" అని రాశాను.